దేవుని పేరు మోసేవాళ్ళం

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇచ్చిన అంశం "దేవుని నామం – అర్థం, శక్తి". ఈ హాలులో ఆదివారం ఆరాధనకు వెళ్ళేవాళ్ళు ఉన్నారు. కొండదేవతకు మొక్కేవాళ్ళు ఉన్నారు. రెండింటికీ దూరంగా ఉండేవాళ్ళు కూడా ఉన్నారని నాకు తెలుసు. నేను మందిరానికి వెళ్ళే మనిషిని. ఆ సంగతి దాచుకొని ఈ అంశం మీద మాట్లాడలేను. అలాగని ఎవరినీ మార్చడానికి ఇక్కడ నిలబడలేదు. ఈ మాటల అవసరం మన సవర పిల్లలందరికీ ఉంది, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. బీఈడీలో మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవాలి. కాబట్టి మన ఇంటి నుంచే మొదలుపెడతాను.

మన పాత పద్ధతిలో బిడ్డకు పేరు పెట్టడం చిన్న సంగతి కాదు. చనిపోయిన పెద్దలు సోనుంగా ఉంటారని, కురన్ నోట మాట్లాడతారని, తమ పేరు ఇంట్లో పుట్టిన బిడ్డకు పెట్టమని అడుగుతారని మన పెద్దల నమ్మకం. తాత పేరు మనవడికి వచ్చిందంటే తాత మళ్ళీ ఆ ఇంటికి దగ్గరయ్యాడని లెక్క. ఆ పేరున్న పిల్లవాణ్ణి తిట్టాలన్నా ఇంట్లోవాళ్ళు వెనకాడతారు. అంటే మన దగ్గర పేరు రిజిస్టరులో రాసుకునే గుర్తు మాత్రమే కాదు. పేరులో మనిషి ఉంటాడు, వంశం ఉంటుంది, బాధ్యత ఉంటుంది.

ఈ నమ్మకాన్ని మీరు ఇప్పుడు పాటిస్తున్నారా లేదా అన్నది వేరే మాట. కానీ పేరంటే ఏమిటో ఈ విధంగా తెలిసినవాళ్ళకు బైబిలులో దేవుని నామం గురించి రాసింది పట్టణంలో పుట్టినవాళ్ళకంటే తొందరగా అర్థమవుతుంది. ఎందుకంటే హెబ్రీ ప్రజలు కూడా పేరును ఇలాగే చూశారు. పేరు తెలియడమంటే ఆ వ్యక్తి స్వభావం తెలియడం. పేరు చెప్పడమంటే ఆ వ్యక్తిని దగ్గరకు రానివ్వడం.

కొండ మీద అడిగిన ప్రశ్న

నిర్గమకాండం 3వ అధ్యాయం చదవండి. మోషే హోరేబు కొండ దగ్గర తన మామ యిత్రో మందను మేపుకుంటున్నాడు. సొంత మంద కాదు, మామ మంద. రాజభవనంలో పెరిగినవాడు, ఇప్పుడు పరాయి దేశంలో గొర్రెల కాపరి. అక్కడ మండుతున్న పొద, అది కాలిపోవడం లేదు. దేవుడు అతణ్ణి ఐగుప్తుకు వెళ్ళమన్నాడు. వెట్టిచాకిరీలో ఉన్న జనాన్ని బయటికి తీసుకురమ్మన్నాడు. అప్పుడు మోషే అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది: నన్ను పంపింది ఎవరని వాళ్ళు అడిగితే ఏ పేరు చెప్పాలి?

ఆ ప్రశ్న మనకు బాగా తెలిసినదే. కొత్త మనిషి ఎవరైనా ఊళ్ళోకి వచ్చి, మీ భూమికి పట్టా ఇప్పిస్తాను రండి అంటే మన పెద్దలు ముందు అడిగేది, నిన్ను ఎవరు పంపారు అనే కదా.

దేవుడు ఇచ్చిన జవాబు హెబ్రీ భాషలో "ఉండు" అనే క్రియతో ముడిపడిన మాట. ఆయన ఉన్నవాడు. ఉండబోయేవాడు కూడా, ఎందుకంటే ఆ క్రియారూపానికి రెండు అర్థాలూ వస్తాయి. అంతకు ముందు వాక్యంలోనే మోషేకు తోడుగా ఉంటానని మాట ఇచ్చాడు. అందుకే చాలామంది పండితులు దీన్ని కేవలం "ఉనికి" అని తత్వశాస్త్రంలా చదవకూడదంటారు. నీతో ఉండేవాణ్ణి అనే భరోసాగా చదవాలంటారు. వెట్టిలో ఉన్న జనం ఏడుపు విన్నానని చెప్పిన తరువాతే దేవుడు తన పేరు చెప్పాడు. ఈ వరస మరిచిపోవద్దు. ముందు విన్నాడు, తరువాత పేరు చెప్పాడు.

ఆ పేరు నాలుగు హెబ్రీ అక్షరాలు: యోద్, హే, వావ్, హే. పాత నిబంధన హెబ్రీ మూలంలో ఈ పేరు 6,800 సార్లకు పైగా వస్తుంది. అయితే యూదులు భక్తితో ఆ పేరును నోటితో పలకడం మానేశారు. చదివేటప్పుడు ఆ నాలుగు అక్షరాలు వచ్చినచోట "అదోనాయ్", అంటే "నా ప్రభువు" అని చదువుతారు. మామూలు మాటల్లో "హషేమ్" అంటారు, అంటే "ఆ పేరు" అని. హెబ్రీ రాతలో మొదట హల్లులే ఉండేవి. తరువాతి శతాబ్దాల్లో మసోరెట్లు అనే పండితులు అచ్చుల గుర్తులు పెట్టినప్పుడు, ఈ నాలుగు అక్షరాలకు "అదోనాయ్" అచ్చుల గుర్తులు వేశారు. ఇక్కడ అదోనాయ్ అని చదవండి అని చెప్పడానికే ఆ ఏర్పాటు. యూరపు పండితులు ఆ హల్లులనూ ఈ అచ్చులనూ కలిపి చదివేశారు. అలా వచ్చిందే మన తెలుగు బైబిలులో ఉన్న "యెహోవా". అసలు ఉచ్చారణ "యాహ్వే"కు దగ్గరగా ఉండేదని ఇప్పుడు ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

ఇది విని కొందరికి భయం వేస్తుంది. ఇన్నాళ్ళూ తప్పు పేరుతో ప్రార్థన చేశామా అని నన్ను పదో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. లేదమ్మా అన్నాను. మీ చెల్లి మాటలు వచ్చీరాని వయసులో నిన్ను ముద్దుగా వేరేలా పిలిచింది కదా, నువ్వు పలకలేదా? పిలుపు ఎవరి కోసమో ఆయనకు తెలుసు. పేరు శక్తి ఉచ్చారణలో ఉంటే మూగవాళ్ళకు దేవుడు ఉండడు.

మీరు ప్రతి ఆదివారం ఆ పేరును పలుకుతూనే ఉన్నారు, గమనించారో లేదో. "హల్లెలూయా" అనే మాటలో చివరి "యా" ఆ పేరుకు పొట్టి రూపం. "యాను స్తుతించండి" అని దాని అర్థం. మన పిల్లల పేర్లలోనూ ఉంది. యెషయా, యిర్మీయా, జెకర్యా – వీటి చివర అదే "యా". యోహాను, యోనాతాను – వీటి మొదట అదే పేరు. యోనాతాను అంటే యెహోవా ఇచ్చాడు అని. మా హాస్టల్ రిజిస్టరులో ఈ పేర్లు తండ్రుల వరసలో చాలా కనిపిస్తాయి. ఆ పేరు మోస్తున్న తండ్రుల్లో ఎంతమందికి దాని అర్థం ఎవరైనా చెప్పారో మరి.

యేసు అనే పేరు

క్రీస్తుకు ముందే అలెగ్జాండ్రియాలో యూదుల గ్రంథాలను గ్రీకులోకి అనువదించారు. ఆ గ్రీకు బైబిలులో దేవుని పేరు వచ్చినచోట "కురియోస్" అనే మాట స్థిరపడింది. అంటే ప్రభువు. కొత్త నిబంధన రాసినవాళ్ళు యేసును అదే "ప్రభువు" అనే మాటతో పిలిచారు. ఆనాటి రోమా రాజ్యంలో ఆ మాట చక్రవర్తికి కూడా వాడేవారు. కాబట్టి యేసు ప్రభువు అని ఒక బానిస అన్నాడంటే, దేవుని గౌరవం ఈయనకు ఉంది అని ఒప్పుకోవడం, చక్రవర్తి నా ఆఖరి యజమాని కాదు అని చెప్పడం, రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

ఇక "యేసు" అనే పేరు. హెబ్రీలో అది యెహోషువ, పొట్టిగా యేషువ. గ్రీకులో "యేసూస్" అయింది, తెలుగులో యేసు అయింది. "యెహోవా రక్షిస్తాడు" అని అర్థం. మోషే తరువాత జనాన్ని నడిపించిన యెహోషువదీ అదే పేరు. ఆనాడు పాలస్తీనాలో ఆ పేరు చాలామందికి ఉండేది. అందుకే ఆయన్ను గుర్తు పట్టడానికి "నజరేయుడైన యేసు" అనవలసి వచ్చింది. మన ఊళ్ళో పది మంది సోమయ్యలుంటే ఊరి పేరు కలిపి చెప్పుకోమా, అలాగే.

దేవుడు తన రక్షణకు పెట్టుకున్న పేరు మామూలు వడ్రంగి ఇంటి పిల్లవాడి పేరు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు ఏ వరసలో చెప్పాడో చూడండి. ఆయన తనను తగ్గించుకున్నాడు, దాసుడి రూపం తీసుకున్నాడు, సిలువ మరణం దాకా లోబడ్డాడు. అందుచేత దేవుడు అన్ని పేర్లకంటే గొప్ప పేరు ఆయనకు ఇచ్చాడు. ఆ "అందుచేత" దగ్గర ఆగండి. ఆ పేరుకు శక్తి పెద్ద గొంతు వల్ల రాలేదు. తగ్గించుకోవడం వల్ల వచ్చింది. మైకు పెట్టి అరిచేవాళ్ళు ఆ పత్రికను ఒకసారి నెమ్మదిగా చదివితే మంచిది.

"నామంలో" అంటే ఏమిటి

ప్రార్థన చివర "యేసు నామంలో" అంటాం. దీని అర్థం నేను మా పిల్లలకు స్టోరు రూము దగ్గర చెబుతాను.

హాస్టల్‌కు బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు కావాలంటే నేను ఇండెంట్ పెడతాను. నా సంతకం చూసి సరుకు వస్తుంది. నా మొహం చూసి కాదు. ప్రభుత్వం పేరు మీద, ఈ పిల్లల తిండి కోసం ఇచ్చిన అధికారం అది. అదే సంతకంతో నేను పది బస్తాలు తెప్పించి బయట అమ్ముకుంటే, కాగితం మీద పేరు సరైనదే, కానీ అది దొంగతనం. ఎవరి పేరు మీద తీసుకున్నానో వాళ్ళ ఉద్దేశానికి వ్యతిరేకంగా వాడాను కాబట్టి.

యేసు నామంలో అడగడం అంటే ఆయన పంపిన మనిషిగా, ఆయన కోరే సంగతి కోసం అడగడం. అంతేగాని కోరికల చీటీ చివర వేసే ముద్ర కాదు. మన పక్క ఊరివాడి పొలం నాకు రావాలి యేసు నామంలో, అంటే ఆ ఇండెంట్ పాస్ కాదు.

అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయంలో పేతురు దేవాలయం గుమ్మం దగ్గర పుట్టుకుంటివాణ్ణి లేపాడు. తన దగ్గర వెండి బంగారాలు లేవని ముందే చెప్పాడు. నజరేయుడైన యేసు నామంలో నడవమన్నాడు, చెయ్యి పట్టుకొని లేపాడు. జనం పేతురు వైపు వింతగా చూస్తే, మా శక్తి వల్లనో మా భక్తి వల్లనో కాదని వెంటనే అన్నాడు. పేరు వాడినవాడు ఆ పేరు వెనక్కి తప్పుకున్నాడు. డబ్బు తీసుకోలేదు.

అదే పుస్తకం 19వ అధ్యాయంలో దీనికి ఎదురు కథ ఉంది. ఎఫెసు పట్టణంలో స్కెవ అనే యూదుడి కొడుకులు ఏడుగురు. పౌలు ఈ పేరుతో దయ్యాలను వెళ్ళగొడుతున్నాడని విని తామూ మొదలుపెట్టారు. పౌలు ప్రకటించే యేసు పేరు మీద ఆజ్ఞాపిస్తున్నామన్నారు. అంటే వాళ్ళకు యేసు తెలియదు, ఆ పేరు పనిచేస్తుందని మాత్రం విన్నారు. దయ్యం పట్టినవాడు, యేసు ఎవరో తెలుసు, పౌలు ఎవరో తెలుసు, మీరెవరని అడిగి వాళ్ళ మీద పడ్డాడు. బట్టలు లేకుండా, గాయాలతో ఆ ఇంట్లోంచి పారిపోయారు. ఆ తరువాత ఆ ఊళ్ళో మంత్రాల పుస్తకాలున్నవాళ్ళు వాటిని తెచ్చి కాల్చేశారు. వాటి వెల లెక్క వేస్తే 50,000 వెండి నాణేలు అయింది.

లూకా ఆ కథ ఎందుకు రాశాడు? యేసు నామం మంత్రం కాదని చెప్పడానికి. మంత్రానికి సంబంధం అక్కరలేదు, అక్షరాలు తప్పకుండా చదివితే చాలు అనుకుంటారు. పేరుకు సంబంధం కావాలి.

జ్వరం వచ్చినప్పుడు

ఇప్పుడు మన కొండలకు వద్దాం. ఈ మాట చెప్పడానికే నేను ఇంత దూరం నడిపించాను.

వానలు మొదలైతే మా హాస్టల్లో జ్వరాలు మొదలవుతాయి. చలితో వణుకుతున్న పిల్లను ఇంటికి తీసుకుపోతామని తల్లిదండ్రులు వస్తారు. కొందరు ఎజ్జోడి దగ్గరకు అంటారు. కొందరు పాస్టరు గారి దగ్గరకు, ఉపవాస ప్రార్థనకు అంటారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ప్రార్థన ఇక్కడే చేద్దాం, నేనూ మోకరిస్తాను. ప్రార్థన అయ్యాక పీహెచ్‌సీకి వెళ్దాం, వేలు మీద చుక్క రక్తం తీయిద్దాం. మలేరియా అయితే మాత్ర పూర్తి కోర్సు వేయిద్దాం. దేవుని మీద నమ్మకం ఉంటే మందు ఎందుకు అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు. ఆయనకు యెషయా 38వ అధ్యాయం తీసి చూపించాను. హిజ్కియా రాజు చావు దగ్గర పడి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఆయుష్షు పొడిగిస్తానన్నాడు. అదే అధ్యాయంలో ప్రవక్త ఏమి చెప్పాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన విన్న దేవుడే కట్టు కట్టించాడు. ఆ తండ్రి చాలాసేపు ఆ పేజీ చూశాడు. తరువాత ఆటోలో నా పక్కనే కూర్చొని ఆసుపత్రికి వచ్చాడు.

పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడని కొలొస్సయులకు రాసిన పత్రికలోనే ఉంది. మన సవర కొండలకు ఒడిశా వైపు నుంచి సువార్త తెచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీలు సెరంగోలో మందిరంతో ఆగిపోలేదు, ఆసుపత్రి కూడా కట్టారు. యేసు నామం పేరు చెప్పి మందు వద్దనేవాళ్ళు ఆ చరిత్రనే మరిచిపోతున్నారు.

సికిల్‌సెల్ గురించి కూడా చెప్పాలి. రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు ఇది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. ఆదివాసీ సమాజాల్లో ఎక్కువగా ఉంది. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలన కోసం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని అందులో లక్ష్యం పెట్టుకున్నారు. ఎముకల్లో నొప్పులతో మెలికలు తిరిగే పిల్లకు దయ్యం పట్టిందని కొట్టిన సంగతులు నేను విన్నాను. ఆ పిల్లకు కావలసింది పరీక్ష, మందు, నీళ్ళు, విశ్రాంతి, పక్కన చెయ్యి పట్టుకొని ప్రార్థించే మనిషి. పెళ్ళి చూపులకు ముందే అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ ఈ పరీక్ష చేయించుకోండి. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే పిల్లలకు జబ్బు వచ్చే అవకాశం ప్రతి కాన్పులో నాలుగో వంతు. ఇది తెలుసుకోవడం విశ్వాసం తక్కువై కాదు.

పెద్ద కూటాల్లో నూనె సీసా మీద యేసు నామం వేసి అమ్మేవాళ్ళను చూశాను. మీరు కూడా చూసే ఉంటారు. పేతురు దగ్గర వెండి బంగారాలు లేవు. ఆ ఒక్క మాటతో కొలిచి చూసుకోండి.

వ్యర్థంగా మోయడం

పది ఆజ్ఞల్లో మూడోది దేవుని పేరును వ్యర్థంగా ఉపయోగించకూడదని. చిన్నప్పుడు దీన్ని ఒట్లు పెట్టుకోకూడదని మాత్రమే నేర్పారు మనకు. అది కూడా ఉంది. అయితే హెబ్రీలో అక్కడ వాడిన క్రియకు "ఎత్తడం, మోయడం" అని అర్థం. దేవుని పేరును ఉత్తినే మోయవద్దు అని కూడా చదవవచ్చు.

మోయడం మనకు తెలుసు. కావడి కొండ మీదికి మోసేవాళ్ళం. కావడిలో బరువు ఒకవైపు ఎక్కువైతే మనిషే ఒరిగిపోతాడు.

నిర్గమకాండం 28వ అధ్యాయంలో ప్రధాన యాజకుడి బట్టల వర్ణన ఉంది. నుదుటి మీద బంగారు రేకు, దాని మీద దేవుని పేరు. భుజాల మీద రెండు రాళ్ళు, రొమ్ము మీద పన్నెండు రాళ్ళు, వాటి మీద పన్నెండు గోత్రాల పేర్లు. అంటే దేవుని పేరు నుదుట పెట్టుకున్నవాడు తన జనం పేర్లు భుజాల మీద, గుండె మీద పెట్టుకోవాలి. రెండోది తీసేసి మొదటిది ఒక్కటే పెట్టుకోవడానికి అనుమతి లేదు.

మన ఊళ్ళలో ఏమి జరుగుతోంది? ఒకే గూడెంలో అన్న మందిరానికి, తమ్ముడు పాత పద్ధతికి. తండ్రి చనిపోతే దినం భోజనానికి ఒకరింటికి ఒకరు రావడం లేదు. మీది దయ్యాల పూజ అని వీళ్ళంటారు. మీది తెల్లదొర మతం అని వాళ్ళంటారు. దేవుని పేరు చెప్పి సొంత అన్నను ఊరి బావి దగ్గర పలకరించనివాడు ఆ పేరును ఎలా మోస్తున్నట్టు? పేరు చెప్పి అద్భుతాలు చేశామన్నవాళ్ళను కూడా నేను ఎరగనని చెబుతానని యేసు మత్తయి 7వ అధ్యాయంలో హెచ్చరించాడు. ఆ మాట బయటివాళ్ళకు కాదు, "ప్రభువా" అని రెండుసార్లు పిలిచేవాళ్ళకు.

మన పేర్లు, మన కిట్టుంగ్

చదువుకున్న పిల్లలకు ఇంకో బరువుంది. తమ పేరు చెప్పుకోవడానికి సిగ్గు.

నన్ను బడిలో చేర్చినప్పుడు ఇంట్లో పిలిచే పేరు పలకడం రావడం లేదని రిజిస్టరులో వేరే పేరు రాశారు. అదే ఇప్పటికీ నా ఉద్యోగపు పేరు. నా ఈడు ఆదివాసీలు చాలామందికి ఇదే జరిగింది. దానియేలు గ్రంథం 1వ అధ్యాయం చదివినప్పుడు నాకు అదే గుర్తుకొస్తుంది. బబులోను రాజు యూదా నుంచి పిల్లలను పట్టుకెళ్ళి తన భాష, తన చదువు నేర్పించాడు. ఒక రకంగా అదీ హాస్టలే. అక్కడి అధికారి వాళ్ళ పేర్లు మార్చేశాడు. దానియేలు అంటే దేవుడు నా న్యాయాధిపతి. అతణ్ణి బెల్తెషాజరు అన్నారు. హనన్యా, మిషాయేలు, అజర్యాలను షద్రకు, మేషాకు, అబేద్నెగో అన్నారు. పాత పేర్లలో వాళ్ళ దేవుడున్నాడు, అందుకే తీసేశారు. ఆ పిల్లలు బబులోను చదువు మానలేదు, మొదటి వరసలో నిలిచారు. అయినా తాము ఎవరో మరిచిపోలేదు. పుస్తకం కూడా దానియేలు పేరునే నిలబెట్టింది. మీరు చేయవలసింది అదే. చదువు పూర్తిగా తీసుకోండి, పేరు పారేయకండి.

బాప్తిస్మం తీసుకుంటే సవర పేరు వదిలేయాలని బైబిలులో ఎక్కడా లేదు. కొత్త పేరు ఇష్టపడి పెట్టుకుంటే తప్పు లేదు. అయితే ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి, కుల ధ్రువపత్రంలో ఒకటి ఉంటే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. మూడింటిలో ఒకే పేరు ఉండేలా ఇప్పుడే చూసుకోండి. మతం మారితే ఎస్టీ హోదా పోతుందని కొందరు భయపెడతారు. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ఉన్న షరతు వేరు. ఈ తేడా మీరు తెలుసుకొని ఊళ్ళో చెప్పాలి.

దేవుణ్ణి ఏ పేరుతో పిలవాలి అన్నది ఇంకో ప్రశ్న. సవర భాషలో ప్రార్థించే క్రైస్తవులు దేవుణ్ణి కిట్టుంగ్ అనే పిలుస్తారు. అది మన సృష్టి కథల్లోని పేరు. వెరియర్ ఎల్విన్ 1955లో మన మతం మీద అచ్చు వేసిన పెద్ద పుస్తకంలో కిట్టుంగ్ కథలు చాలా ఉన్నాయి. కొన్ని కథల్లో కిట్టుంగులు ఒకరికంటే ఎక్కువ మంది. కాబట్టి పాత కథల కిట్టుంగ్, బైబిలు దేవుడు అచ్చంగా ఒకటే అని నేను అనను. మాట మనది, దాన్ని కొత్త అర్థంతో నింపుకున్నారు. ఇది మన ఒక్కరి సంగతి కాదు. మిజోలు దేవుణ్ణి తమ పాత మాట "పథియన్" తోనే పిలుస్తారు. హెబ్రీలో దేవుడికి వాడే "ఏల్" అనే మాట చుట్టుపక్కల కనాను ప్రజలు కూడా వాడినదే. తెలుగు బైబిలులో "దేవుడు" అన్న మాట బైబిలు రాకముందు నుంచీ తెలుగులో ఉన్నదే. సొంత భాషలో పిలిస్తే దేవుడు చిన్నవాడవుతాడని ఎవరైనా అంటే నమ్మవద్దు.

1936లో మంగేయి గొమాంగో సవర భాషకు సోరంగ్ సొంపెంగ్ లిపి తయారు చేశారు. దాని 24 అక్షరాలను 24 మంది దేవతల పేర్లతో ముడిపెట్టారు. మందిరానికి వెళ్ళేవాళ్ళు ఆ పూజ చేయకపోవచ్చు. కానీ ఒక జాతి తన అక్షరాన్నీ, తన దేవుని పేరునూ ఒకేచోట పెట్టి దాచుకుందంటే, పేరును ఎంత విలువగా చూసిందో ఆలోచించండి. ఆ గౌరవం మనందరిది.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. బైబిలులో దేవునికి ఒక పేరు పెట్టిన మొదటి మనిషి ఎవరో తెలుసా? అబ్రాహాము కాదు. హాగరు. ఐగుప్తు నుంచి వచ్చిన దాసి. గర్భిణిగా ఉండి, యజమానురాలి బాధ పడలేక ఎడారిలోకి పారిపోయింది. నీటి బుగ్గ దగ్గర దేవుడు ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఆ ఇంట్లో ఆమెను దాసి అన్నారే తప్ప హాగరూ అని పిలిచినట్టు ఆ అధ్యాయంలో లేదు. ఆమె దేవునికి "నన్ను చూసే దేవుడు" అని పేరు పెట్టింది. ఆదికాండం 16వ అధ్యాయం. ఎవరూ లెక్క చెయ్యని ఒక పరాయి జాతి పనిపిల్ల పెట్టిన పేరును బైబిలు జాగ్రత్తగా రాసి పెట్టింది. టౌన్ కాలేజీలో నిన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టినప్పుడు ఈ పేరు గుర్తు చేసుకో.

చివరిగా, రేపటి నుంచి చేయగలిగినవి చెబుతాను. మీ పేరు అర్థం ఇంట్లో పెద్దలను అడిగి రాసుకోండి. అది ఏ తాతదో, ఏ అవ్వదో తెలుసుకోండి. ప్రార్థనలో "యేసు నామంలో" అనే ముందు, ఇది ఆయన సంతకం పెట్టగల సంగతేనా అని ఒక్క క్షణం ఆగండి. జ్వరం వస్తే ప్రార్థించండి, రక్త పరీక్షకూ వెళ్ళండి. విశ్వాసం వేరైన అన్న ఇంట్లో చావు జరిగితే ముందు మీరే వెళ్ళండి, కట్టె మోయండి.

మార్కు 9వ అధ్యాయంలో యేసు ఒక చిన్నబిడ్డను శిష్యుల మధ్య నిలబెట్టి, ఇలాంటి బిడ్డను తన పేరు మీద చేర్చుకున్నవాళ్ళు తననే చేర్చుకున్నట్టు అన్నాడు. ఏటా జూన్‌లో ట్రంకు పెట్టెతో, ఏడుపు మొహంతో ఆరో తరగతి పిల్ల హాస్టల్ గేటు దగ్గర దిగినప్పుడు నాకు ఆ మాటే ముందుంటుంది. ఆ పిల్ల పేరు సరిగ్గా పలికి, అక్షరం తప్పకుండా రిజిస్టరులో రాయడం నా మొదటి ఆరాధన. దేవుని నామం గొప్పదని పాడేవాళ్ళం పక్క మనిషి పేరును కూడా అంత జాగ్రత్తగా పలకాలి.